తియ్యమన్న ఫోటోలు

ఒక్క ముఖం దిద్దాలన్నా ఫోటో స్టూడియో కంప్యూటర్ తెగ సతాయించేది. డిస్కు నిండిందనీ, పాత ఫోటోలు తీసేస్తే గాని వేగం రాదనీ మెకానిక్ చెప్పిపోయాడు. రోజారాణి ఆ పనిలో ఉండగానే ఫోటోల పని మీద వర్ని ఊరెళ్ళిన భర్త భూమేశ్ ఫోన్ చేశాడు.

"బీర్కూర్ పెండ్లి ఫోటోలు తియ్యి," అన్నాడు. లైను తెగిపోయింది.

ఆమె ఆ పెండ్లి ఫోటోలు మొత్తం తుడిచేసింది. తెర మీది చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాక కంప్యూటర్ పరుగందుకుంది.

సాయంత్రం బీర్కూర్ ఆశన్న వచ్చాడు. "నన్ను గన్న అవ్వ పోయింది వదినె. ఎన్నడు ఫోటో దిగలే. గా పెండ్లిల భూమేశన్న గుంజి నిలబెట్టిండు. గదొక్కటే ఉన్నది. తీసిపెట్టమని నీకు చెప్పిండట గద?"

తియ్యి అంటే ఏమిటో రోజారాణికి అప్పుడు తెలిసింది. ఉత్త తెర ముందు ఊరికే మౌస్ కదిలించింది.

"ఫికర్ చెయ్యకు వదినె, మీ మిషిన్ మెల్లగనే గద. రానియ్, కూసుంట."

ఆ మాట ఆమె ఓర్చుకోలేకపోయింది. "మెల్లగ లేదు ఆశన్నా. నేనే తుడిచేసిన. తియ్యమంటే తీసెయ్యమనుకున్న."

ఆశన్న కూర్చున్న స్టూలు మీంచి లేవలేదు.

"ఇంకోపారి దేవులాడు వదినె," అన్నాడు.

లేదని తెలిసీ ఆమె వెతకసాగింది.