గొరిగిన మూతి

పొద్దున ఆరింటికి నీళ్ల బకెట్టు పట్టుకుని వెళ్లేసరికి, ఎవరో నా గుర్రం మూతిని నున్నగా గొరిగేశారు.

గుర్రాలతో పరిచయం లేనివాళ్లకి ఇది నవ్వులాటగా ఉండొచ్చు. గుర్రానికి తన మూతి ముందర ఏముందో కనపడదు. పెదాల చుట్టూ, గడ్డం కింద ఉండే పొడవాటి గట్టి వెంట్రుకలతోనే అది బకెట్టు అంచునీ, గడ్డినీ, మనిషి చేతినీ తడిమి తెలుసుకుంటుంది. ఒకప్పుడు పోటీలకి ముందు అందం కోసం వాటిని అందరూ గొరిగేవాళ్లు. ఇప్పుడు అది హింస కింద లెక్క. గొరిగిన గుర్రాన్ని బరిలోకి రానివ్వరు, దాని మీద ఎక్కే మనిషి మీద విచారణ కూడా పెడతారు. పదింటికి తనిఖీ. మధ్యాహ్నం రెండింటికి నా పోటీ. దేశం జట్టులో మిగిలింది ఒక్కటే చోటు.

వంకరపిల్ల, అదే నా గుర్రం, నీళ్ల కోసం తల దించి, అంచు ఎక్కడుందో తెలియక మూతి కొట్టుకుని ఉలిక్కిపడింది. సగం నీళ్లు నా బూట్ల మీద ఒలికాయి. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ కొట్టుకుంది. మూడోసారి నా వైపు చూసింది. నేను దోసిట్లో నీళ్లు పట్టి తాగించాను.

మా పోటీ పరుగుపందెం కాదు. ఇసుక బరిలో గుర్రం చేత అడుగులు వేయించడం. ఉన్నచోటే తాళం తప్పకుండా కాళ్లెత్తించాలి, ఏటవాలుగా పక్కకి నడిపించాలి, దౌడులో ఉండగా అడుగు మార్పించాలి. ఇదంతా చేయిస్తున్నప్పుడు సవారీ చేసేవాళ్ల చెయ్యిగానీ కాలుగానీ కదిలినట్టు కనపడకూడదు. గుర్రం తనంతట తానే చేస్తున్నట్టుండాలి. కనపడకుండా పని చేయడంలో నాకు పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది.

మా అత్తవారి స్టేబుల్లో పుట్టిన గుర్రాలకి మంచి పేరు. ఆ పేరు మామగారిది, కప్పులు మా ఆయనవి. నాకు మిగిలింది గుర్రాలే. గుర్రానికి ప్రసవమైతే పిల్ల కాళ్లు పట్టి లాగింది నేను, మాయ పూర్తిగా పడిందో లేదో నేల మీద పరిచి చూసింది నేను. మామగారు పోయేముందు పెంచిన చివరి గుర్రం దొర. దొర మీదే మా ఆయన వరసగా ఆరేళ్లు గెలిచాడు. రోజూ పొద్దున అయిదు నుంచి ఏడు దాకా దొర మీద నేనెక్కి ఒక్కో అడుగూ నేర్పేదాన్ని. ఏడింటికి దిగి, ఒళ్లు కడుక్కుని, ఇంటిల్లిపాదికీ టిఫిను చేసేదాన్ని. మా ఆయన సాయంత్రం ఎక్కి, నేర్చుకున్నదాన్ని నడిపించేవాడు. "వీడు నన్ను చదివేస్తాడు, నేననుకోగానే చేసేస్తాడు" అని వచ్చినవాళ్లతో చెప్పేవాడు. పాపం, ఆయనకి తెలియదు, పొద్దున పడుకుని ఉంటాడు కదా, తెలిస్తే ఒక్క మాటైనా అనేవాడు అని నాకు నేనే సర్ది చెప్పుకునేదాన్ని. ఆ సర్దుబాటు మీదే పద్దెనిమిదేళ్ల కాపురం నిలబడింది. ఒకసారి పత్రికవాళ్లు ఫొటోకి వస్తే అత్తగారు నన్ను పక్కకి పిలిచి, "అమ్మాయ్, ఆ బూట్లతో ఫొటోలోకి రాకు, పేడ వాసన కొడుతున్నావు. టీల సంగతి చూడు" అన్నారు. ఫొటోకి వాసనుండదని ఆవిడకి చెప్పాలనిపించింది. టీ పెట్టాను. చక్కెర కూడా సరిపోయిందన్నారు.

వంకరపిల్ల దొరకి చెల్లెలు, ఒకే తల్లి బిడ్డలు. పుట్టినప్పుడు దాని ముందుకాళ్లు రెండూ లోపలికి వంగి ఉన్నాయి. మా ఆయన ఒక్కసారి చూసి, "దీన్ని వదిలించుకోండి" అని వెళ్లిపోయాడు. పేరు మాత్రం పెట్టి వెళ్లాడు. నేనూ గడ్డం తాతా కలిసి ప్లాస్టిక్ గొట్టాలు కోసి, దూది చుట్టి దాని కాళ్లకి కట్లు కట్టాం. ప్రతి మూడు గంటలకీ విప్పి కట్టాలి. గడ్డం తాతంటే మా గుర్రాలు చూసుకునే ముసలాయన, మామగారి కాలం నాటి మనిషి. నాలుగు నెలలకి కాళ్లు నిటారుగా వచ్చాయి. పేరు మాత్రం వంకరగానే ఉండిపోయింది.

పెద్దయ్యాక అది మా ఆయన్ని మూడుసార్లు కింద పడేసింది. మూడోసారి లేచి ప్యాంటు దులుపుకుంటూ, "ఇది ఆడదానికే సరిపోతుంది" అన్నాడు. అలా నాకు దక్కింది. ఈ ఏడు ఒక్కో స్టేబులు నుంచి రెండు గుర్రాలు పంపొచ్చన్నారు. "సరదాకి నువ్వూ రా. ఇంట్లో ఎప్పుడూ అదే గోల కదా, నీకూ మార్పుంటుంది" అన్నాడు. అత్తగారు మాత్రం, మగాడు ఆడే చోట నీకేం పని, వంటెవరు చేస్తారు అని రెండు రోజులు సణిగారు. మొదటి రోజు పోటీలో వంకరపిల్లకి రెండో స్థానం వచ్చింది. దొరకి మూడు. మొదటి స్థానంలోని ఆమె అప్పటికే జట్టులో ఉంది. మిగిలిన ఒక్క చోటూ ఇక మా ఇద్దరిలో ఒకరికే. ఆ రాత్రి మా ఆయన అన్నం తింటూ, "బాగా చేశావు" అన్నాడు. జీవితంలో మొదటిసారి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కన్నీళ్ల మీద నాకు అసహ్యం వేస్తుంది.

కబురు తెలిసిన పది నిమిషాలకే మా ఆయన వచ్చాడు. వంకరపిల్ల మూతి చూశాడు, పెదవి విరిచాడు, వెంటనే దొంగని పట్టేశాడు.

"ముసలాడి పనే. పాతకాలం అలవాటు కదా, అందంగా ఉంటుందని గొరిగేసి ఉంటాడు. రూల్సు వాడికేం తెలుసు" అన్నాడు.

తాత ముఖం పాలిపోయింది. తాను టీకి వెళ్లి అరగంటలో వచ్చానని, చీకట్లో సరిగ్గా చూడలేదని, ఈ పిల్ల మూతి మీద చెయ్యి వేసే ముందు తన చెయ్యి నరుక్కుంటానని చెప్పాడు. మా ఆయన ఆ మాటలకి నవ్వి, ఇంటికెళ్లగానే లెక్క సెటిల్ చేస్తానన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి మెత్తగా, తనిఖీ దాకా రానివ్వకు, మనవాడి పొరపాటని కాగితం రాసిచ్చి తప్పుకో, గొడవ లేకుండా పోతుంది, వచ్చే ఏడు చూద్దాం అని సలహా ఇచ్చాడు. అంత ఓపిగ్గా నాతో మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. వచ్చే ఏటికి వంకరపిల్లకి పన్నెండు నిండుతాయి. నాకు నలభై నాలుగు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

పోటీల పర్యవేక్షకురాలి ఆఫీసుకి వెళ్లాను. తెల్లజుట్టు మనిషి, మాట తక్కువ. ఆవిడ రూలు పుస్తకం తెరవకుండానే చెప్పింది. గుర్రం బాధ్యత దాని మీద ఎక్కే మనిషిది. మీ మనిషి పొరపాటైనా మీ పొరపాటే. కాగితం అలా రాసిస్తే మీకు ఏడాది నిషేధం, గుర్రానికి కూడా. మీకు ఇష్టం లేకుండా ఇంకొకరు కావాలని చేశారని తేలితే మాత్రం కమిటీ మీ ఫలితం ఆపి పెట్టి, వెంట్రుకలు పెరిగాక విడిగా పరీక్ష పెడుతుంది, అప్పటిదాకా జట్టులో ఆ చోటు ఖాళీగానే ఉంటుంది.

"ఎవరో తెలుసా మీకు?" అని అడిగింది.

"తెలీదు."

"మీ తనిఖీని పదకొండు దాకా ఆపుతాను. అనుమానం వద్దు. రుజువు కావాలి."

రుజువు. నేను పోలీసుని కాను. అయినా తిరిగి వెళ్లి వంకరపిల్ల మూతిని వేళ్లతో తడిమి చూశాను. గొరిగే మెషీను పని కాదు, దాని చప్పుడు వింటే ఇది గోడలెక్కుతుంది. కత్తెర కూడా కాదు, కత్తెరైతే మొదళ్లు మిగులుతాయి. ఇది రేజరు. గడ్డం కింద నుంచి పైకి, చిన్నచిన్న గీతలుగా, అద్దంలో చూసుకుంటూ గీసుకున్నంత శ్రద్ధగా గొరిగారు. గుర్రాలు చూసేవాళ్లెవరూ అలా గొరగరు. తాత జన్మలో రేజరు పట్టినవాడు కాదు, ఆ పేరు ఊరికే రాలేదు. ముక్కుపుటం మడతలో తెల్లగా ఏదో ఎండిపోయి ఉంది. గోటితో తీసి వాసన చూశాను. పుదీనా వాసన, మా ఆయన గడ్డానికి రాసుకునే నురగది.

నా బుర్ర అప్పటికీ ఒప్పుకోలేదు. ఆ నురగ కొట్లో ఎవరైనా కొనుక్కోవచ్చు కదా అంది. పద్దెనిమిదేళ్లు అలవాటైన బుర్ర, సర్ది చెప్పడం దానికి ఊపిరి తీసుకున్నంత తేలిక. ఆ పొద్దునే అయిదింటికి ఆయన మంచం దిగి, నిద్ర పట్టట్లేదు, అలా నడిచొస్తా అనడం గుర్తొచ్చింది. నడకకి వెళ్లే మనిషి తువ్వాలు భుజాన వేసుకుని ఎందుకెళ్లాడని అప్పుడు నేను ఆలోచించలేదు. తిరిగొచ్చాక ఉతకాల్సిన తువ్వాలు ఒకటి పెరిగిందని మాత్రం అనుకున్నాను.

గుర్రం కాగితాల కోసం, పోటీల దగ్గర మేం ఉండటానికిచ్చిన గదికి వెళ్లాను. ఆయన లేడు, దొరని సిద్ధం చేసుకోవడానికి వెళ్లాడు. కాగితాల సంచీ స్నానాల గది తలుపు వెనక మేకుకి ఉంది. లోపలికెళ్లాను. వాష్ బేసిన్ ఎప్పటిలాగే ఉంది. అంచున నురగ చారలు, మూత పెట్టని డబ్బా, అడుగున మురికి నీళ్లు, అందులో పడేసిన రేజరు. నా చెయ్యి తనంతట తానే కుళాయి మీదకి వెళ్లింది. ప్రతి పొద్దునా ఇదే కదా. ఆయన గడ్డం గీసుకుని అలా పడేసి వెళ్తాడు, నేను కుళాయి తిప్పి, వెంట్రుకలు తీసి, బేసిను తుడిచి, రేజరు ఆరబెడతాను. పెళ్లయిన వారంలో ఒకసారి, మీదే కదా, మీరు కడుక్కోవచ్చుగా అంటే, అత్తగారు వరండాలోంచి, "రెండు వెంట్రుకలు కడిగితే అరిగిపోతావా?" అన్నారు. ఆయన నవ్వాడు. అప్పట్నుంచీ కడుగుతూనే ఉన్నాను.

కుళాయి సగం తిరిగింది. మొదటి చుక్క పడబోతుండగా ఆపాను.

బేసినులో ఉన్నవి ఆయన గడ్డం వెంట్రుకలు కావు. వేలెడు పొడవున్నాయి. చీపురు పుల్లల్లా గట్టిగా, మొదలు దగ్గర నల్లగా, కొసన తెల్లగా. రేజరు బ్లేళ్ల మధ్య నాలుగైదు ఇరుక్కుని నిలబడి ఉన్నాయి.

నేను అక్కడే తొట్టి అంచు మీద కూర్చున్నాను. నవ్వొచ్చింది. గట్టిగా, చప్పుడు లేకుండా, పొట్ట పట్టుకుని నవ్వాను. తాత టీకి వెళ్లే టైము మా ఆయన చూసుకున్నాడు. గుర్రం మెషీనుకి బెదురుతుందని గుర్తుపెట్టుకున్నాడు. నింద వేయడానికి ముసలాణ్ణి ముందే ఎంచి పెట్టుకున్నాడు. ఇన్ని ఆలోచించిన మనిషికి, పని అయ్యాక ఒక్కసారి కుళాయి తిప్పాలన్న ఆలోచన రాలేదు. ఎందుకొస్తుంది? ఆ పని చేయడానికి నేనున్నాను కదా. తన నేరం కూడా నేనే కడిగిపెడతానని ఆయన నమ్మకం. నమ్మకం అనడం కూడా తప్పే, అలా ఉంటుందని కూడా ఆయనకి తోచి ఉండదు. మరో అర చుట్టు తిప్పి ఉంటే కడిగేసేదాన్ని కూడా.

బేసిను అలాగే వదిలి గదికి తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్లి పర్యవేక్షకురాలి బల్ల మీద పెట్టాను. ఆవిడ స్వయంగా వచ్చి చూసి, ఫొటోలు తీయించి, రేజరుని కవర్లో వేయించింది. తర్వాత మా ఆయన్ని పిలిపించింది. తాతని కూడా రమ్మన్నాను. ఆయన మీద పడిన మాట ఆయన ముందే తొలగాలి.

మా ఆయన పోటీ కోటు వేసుకుని వచ్చాడు. ఆ కోటు ముందు రోజు నేనే ఇస్త్రీ చేశాను. కవరు చూడగానే ముందు నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఇంట్లో ఏదైనా పగిలినప్పుడు, చుట్టాల ముందు, నువ్వు చెప్పు అన్నట్టు చూసే చూపు. ప్రతిసారీ నేను ఏదో ఒకటి చెప్పి కాపాడేదాన్ని. ఈసారి ఆయన కళ్లలోకి అలాగే చూస్తూ ఊరుకున్నాను. తాత తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలి కదా అని మా ఆయన కాసేపు నసిగాడు. పర్యవేక్షకురాలు కాగితం ముందుకి లాక్కుని కలం మూత తీసింది. ఆయన నావైపు ఇంకోసారి చూశాడు. "ఏం, నోరు లేదా నీకు?" అన్నాడు.

"ఉంది. మీరు చెప్పండి, వింటాను" అన్నాను.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. అప్పుడు చెప్పాడు.

"రాసుకోండి మేడమ్. నేనే చేశాను. ముసలాడు టీకి వెళ్లగానే లోపలికెళ్లాను. అది కదల్లేదు. నన్ను మూడుసార్లు పడేసిన గుర్రం, ఈవిడ తువ్వాలు వాసన చూసి బుద్ధిగా నిలబడింది. నేనేం హింస పెట్టలేదు. వెంట్రుకలే, రెండు నెలల్లో వస్తాయి. మొదటి రోజు ఈవిడ సవారీ చూస్తూ గ్యాలరీలో కూర్చున్నాను. పక్కనాయన నేనెవరో తెలీక అన్నాడు, ఈమెకీ దొర మీద ఎక్కేవాడికీ పద్ధతి ఒకటే, కానీ ఈమె దగ్గర అసలు ఉంది, వాడి దగ్గర నకలు ఉంది అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జట్టులో చోటు పోతే పోనీ మేడమ్, ఇంకో ఏడు వస్తుంది. ఈవిడ ఒక్కసారి గెలిచిందంటే మాత్రం, ఈ ఆరేళ్లూ నా పేరుతో గెలిచింది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. నాకంటారా, నాకు మొదటినుంచీ తెలుసు. పొద్దున అయిదింటికి రోజూ కిటికీలోంచి చూసేవాణ్ణి."