గీతలు అరిగిన వేళ్ళు

సోమక్క అరచేతి తోలు కుందేలు బోను చువ్వకు అంటుకుని ఊడొచ్చింది. ఆ పొద్దున్నే, కంపెనీ వాకిట్లో, పుణె నుంచి వచ్చిన లారీ బోన్లు కడిగే మిషనును దింపింది.

సిరోంచ శివారులో మలేరియా మందులు పరీక్షించే కంపెనీ అది. పరీక్షలు ఎలుకల మీద, కుందేళ్ళ మీద. వాటి బోన్లను నాలుగేళ్ళుగా తొమ్మిది మంది ఆడవాళ్ళు వేడి కాస్టిక్ సోడానీళ్ళలో ఉత్త చేతులతో తోముతున్నారు. డాక్టర్లు మాత్రం ఎలుకను ముట్టాలంటే రబ్బరు తొడుగులు వేసుకుంటారు. ఎలుకకు రోగం అంటొద్దట!

మిషను ఇరవై బోన్లను ఒక్కసారే మింగి, ఆవిరితో కడిగి, తళతళలాడించి బయటికి తోసింది. ఆ తొమ్మిది మందిలో ఒకతె లతీఫా, కళ్ళప్పగించి చూసింది. మొగుడు పోయినప్పటి నుంచి ఇద్దరు ఆడపిల్లలకు అన్నం పెట్టేవి ఆమె చేతులే. 'యా అల్లా, ఇగ వీటికి జర సుఖం' అనుకుంది.

ఆ సంబరం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. కూలీలను పనిలో పెట్టే ఠేకేదారు బాబారావు కాగితాలూ సిరా మెత్తా పట్టుకుని వచ్చాడు.

"మిషనుకు ఇద్దరు మొగోళ్ళు చాలు. రాజీఖుషీతోని, మా ఇష్టంతోని పని ఇడిసిపెడుతున్నమని మీరంత అంగూఠా ఎయ్యిర్రి."

రాజక్క కొంగు నడుముకు బిగించింది. "మిషను తెమ్మని నాలుగేండ్ల సంది మొత్తుకున్నది మేము. తెచ్చి మమ్ములనే ఎల్లగొడ్తవా?"

"దాన్ని నడుపుడు మీకెక్కడొస్తది?"

"నీకు తల్లి కడుపులనే వచ్చిందా? నేర్పితె నేర్వమా?"

బాబారావు లతీఫా చెయ్యి గుంజి, బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తాడు. నల్లటి మచ్చ పడింది. గీత ఒక్కటీ లేదు. తుడిచి మళ్ళీ ఒత్తాడు. మచ్చే. రాజక్క వేలూ అంతే.

"ఏందే, సక్కగ ఒత్తు!"

లతీఫా తన వేలికేసి చూసుకుంది. సోడా ఏం తిన్నదో అప్పుడు అర్థమైంది. భయం పోయి నవ్వొచ్చింది.

"ఎట్ల పడ్తది సేఠ్? నీ బోన్లు తోమి తోమి గీతలన్ని అరిగినయ్. ముందు అవి తెచ్చియ్యి, ఎనుక అంగూఠా అడుగు."

కాగితం లాక్కుని తిరగేసింది. "ఒత్తుర్రే అందరు!" తొమ్మిది మచ్చలు పడ్డాయి. ఆ కాగితాన్ని గంజితో మిషను తలుపుకు అంటించి, దాని ముందే కూర్చున్నారు. తొడుగులు ఇవ్వాలి. మిషను తమకే నేర్పాలి. ఒక్కరినీ తీసెయ్యకూడదు. అప్పటిదాకా ఒక్క బోనూ కదలదు.

"కుందేళ్ళకు నీళ్ళన్న పోద్దాం," అంది సోమక్క, చేతికి గుడ్డ చుట్టుకుంటూ. "అవి గూడ బోన్లనే ఉన్నయ్, పాపం."

మూడో రోజు పోలీసు వ్యాను వచ్చింది. తొమ్మిది మందినీ ఠాణాకు పట్టుకుపోయారు. జమాదారు వరసగా వేళ్ళు అద్ది ఒత్తాడు. మచ్చ. మచ్చ. మళ్ళీ మచ్చ. చెమట తుడుచుకున్నాడు.

"మనిషికొక తీరు ముద్రుండాలె గదా! వీట్ల లతీఫాది ఏది? ఆమెనే అందర్ని ఎగేసిందని ఫిర్యాదు."

తొమ్మిది చేతులు ఒకేసారి లేచాయి.

"మా తొమ్మిది మందిది ఒక్కటే ముద్ర సాబ్," అంది లతీఫా. "గట్లనే రాసుకో."

ఠాణా గేటు బయట, ఈ సంగతి విని రేగుంట నుంచి వచ్చిన తునికాకు కూలీ ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. వాళ్ళు కూడా తమ వేళ్ళ మీద గీతలు మిగిలాయో లేదో అని అరచేతులు తిప్పి చూసుకుంటున్నారు.