మిరియాల వాసన కొట్టిన రంగు

రంగుల మేస్త్రి గోడలకు ఎన్ని పచ్చరంగులైనా పూస్తాడు గానీ, కంచంలో పచ్చటిది కనబడితే మాత్రం "నేనేమన్నా మేకనా?" అంటాడు. ఆకుకూర ముట్టి పాతికేళ్లయింది.

అలాంటి మనిషిని పళ్ల డాక్టరమ్మ ఒక్క ఆకుపచ్చ దగ్గర ఇరికించేసింది. ఆమె కొత్త ఆసుపత్రికి ఆయన ఆరు రంగులు కలిపి చూపించాడు. ఒకటి పాచిలా ఉందంది, ఇంకొకటి దగ్గుమందులా ఉందంది. ఏడోదీ నచ్చకపోతే పని వేరే మేస్త్రికి పోతుంది. ఈ ఏడాది చేతికొచ్చిన పెద్ద పని అదొక్కటే.

ఏడో రంగు కూడా ఎప్పటిలాగే పెళ్లాం స్టీలు గిన్నెలోనే కలిపాడు. నా గిన్నెలు ముట్టుకోకయ్యా అని ఆవిడ పెళ్లయిన నాటి నుంచీ చెబుతూనే ఉంది.

డాక్టరమ్మ పాత ఆసుపత్రికి వెళ్తూ మేస్త్రి ఇంటి గుమ్మంలోనే నిలబడింది. "తొందరగా చూపించు మేస్త్రీ. అక్కడొకాయన నోరు తెరుచుకుని కూర్చున్నాడు."

మేస్త్రి వంటింట్లోకి చెయ్యి చాపాడు. "ఏమే, ఆ గిన్నె ఇలా ఇవ్వు."

"ఏ గిన్నె?"

"పచ్చది."

ఆవిడ ఇచ్చింది. ఆయన బ్రష్ ముంచి అట్టముక్క మీద ఒక పట్టీ లాగాడు.

"ఇదే," అంది డాక్టరమ్మ. ఫోన్లో ఫొటో తీసుకుంది. "రేపు పొద్దున గోడ మీద సరిగ్గా ఇదే కనబడాలి. కనబడితే పని నీది."

ఆమె వెళ్లాక మేస్త్రి బ్రష్ వాసన చూశాడు. మిరియాలు.

"ఇందులో ఏమేశావే?"

"బీన్సు, బఠాణీ, బంగాళాదుంప, పాలకూర. సూపు."

"నా రంగేదీ?"

"బియ్యం డబ్బా వెనక పెట్టా. విషాన్ని పొయ్యి పక్కన ఉంచుకుంటానా? నువ్వు పచ్చది అడిగావు, నేను పచ్చది ఇచ్చాను." నవ్వు ఆపుకోలేక ఆవిడ మూతి వంకరపోయింది.

గంట తిరక్కముందే అట్ట మీది పట్టీ ఎండి గడ్డిరంగుకు దిగింది. గిన్నెలో సూపు రంగూ వాడిపోయింది. కళ్లెదుట తాజాది ఉంటే తప్ప రంగు కలపడం కుదరదు.

"మళ్లీ చెయ్యవే."

"చేస్తా. కానీ చేసింది పారబొయ్యను. ఎవరికోసం చేశానో వాళ్లే తాగాలి."

మేస్త్రి ఆసుపత్రి గోడల పొడవూ వెడల్పూ ఓసారి తలుచుకుని తలూపాడు.

ఆవిడ వెన్నలో ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించి, కూరముక్కలు నీళ్లలో ఉడకబెట్టింది. మూత పెట్టలేదు. చివర్లో గుప్పెడు పాలకూర వేసి, కాస్త ఆరనిచ్చి మిక్సీ తిప్పింది. మేస్త్రి తెల్లరంగులో చుక్క చుక్కగా పచ్చ కలిపాడు, పసుపు కలిపాడు. పసుపు ఎంతో ఆయన తేల్చుకునేలోపు సూపు రంగు మళ్లీ వాడిపోయింది.

ముక్కు మూసుకుని ఒక గుక్క తాగాడు. రెండో గుక్కకు ముక్కు వదిలేశాడు.

"ఎలా ఉంది?"

"రంగు బాగుంది."

రెండో గిన్నె కూడా మధ్యలోనే వాడిపోయింది. దాన్నీ తాగి, మూడోదానికి ఆయనే గరిటె పట్టాడు. పొయ్యి కట్టేశాకే పాలకూర వేశాడు. ఈసారి పచ్చదనం నిలిచింది, డబ్బాలో రంగు దానికి సరిపోయింది. తర్వాత మిరియాలు ఇంకొంచెం చల్లుకుని, గిన్నె అడుగు వేలితో ఊడ్చి నాకాడు. ఆవిడ చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున మేస్త్రి ఆసుపత్రి గోడకు పూసిన పట్టీ పక్కన డాక్టరమ్మ ఫోను పెట్టి చూసింది. "అచ్చం అదే. ఈ రంగు పేరేంటి మేస్త్రీ?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "పచ్చది, అమ్మా."

"సరే, పని మొదలుపెట్టు. లోపలి గదికి మాత్రం ఇంకాస్త ముదురుది కావాలి."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే, ఆవిడ కూరల బుట్టలోంచి రెండు కాకరకాయలు తీసింది.

"ముదురంటే, ఎంత ముదురు?"