ఆడవాళ్ల వైపు నుంచి ఒక ఆమేన్

ఓబళప్పన్న మొండితనాన్ని బట్టి దేవునికి స్తోత్రం. మనస్ఫూర్తిగా అంటున్నాను. పోయిన నెల అడిగి ఉంటే ఇంకోలా చెప్పేవాణ్ణి.

ఆయనది బళేపేటలో గాజుల కొట్టు. బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్లయినా పేరు మార్చుకోలేదు. మా తెలుగు సంఘంలో పెద్ద. నా కోపానికి నాకే భయం వేసిన రోజుల్లో, నన్ను నిలదీసే మనిషి ఒకరు కావాలని నేనే ఆయన దగ్గరికి పోయాను. అప్పటినుంచి ప్రతి శనివారం పొద్దున సర్జాపురలో మా ఇంటి నుంచి కొట్టుకు వెళ్తున్నాను. ఆయన గాజులు సైజుల వారీగా సర్దుతూ మూడు ప్రశ్నలు అడుగుతాడు. ప్రార్థన చేసినావా? ఎవరి మీదన్నా అరిచినావా? ఇప్పుడు నాతో అబద్ధం చెప్పినావా?

ఆరు నెలలుగా రెండో ప్రశ్నకు నా జవాబు "లేదన్నా". నిజంగానే అరవలేదు. ఆ సంబరంలో ఒక ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచాను. ప్రభువు నా కోపాన్ని వేళ్లతో సహా పెరికేశాడని చెప్పాను. హాలంతా ఆమేన్ అంది.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మా చిన్ని వచ్చి చొక్కా లాగింది.

"నాన్నా, క్యాబ్ బుక్ చేశారా అని అమ్మ అడుగుతోంది."

వాళ్లమ్మ ప్రేమకుమారి నాకు రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది.

"అయిదు నిమిషాల్లో వస్తుందని చెప్పమ్మా," అన్నాను చిన్నితో. పక్కనే ఓబళప్పన్న తన చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఆ శనివారం ఆయన గాజులు ముట్టుకోలేదు.

"ప్రేమమ్మతో మాట్లాడి ఎన్ని దినాలైందప్పా?"

"నేను అరవలేదన్నా."

"అది నేను అడగలా."

"పదకొండు రోజులు."

"యాల?"

ప్రేమ వాళ్లన్నయ్య ముందు నా మాట కాదంది, అదీ కారణం. పైకి చెప్పబోతే నాకే చిన్నతనంగా తోచింది.

"అరిస్తే ఆయమ్మ తిరిగి ఒక మాటన్నా అనేది. నువ్వు నోరు మూసుకోని సాధిస్తా ఉండావు. కోపం యాడికీ పోలేదప్పా, మీ ఇంట్లోనే ఉండాది. మొన్న హాల్లో అందరూ ఆమేన్ అన్న్యారు. ఆయమ్మ అనలా. నేను చూసినా."

ఒళ్లు మండింది. మా ఇంటి సంగతి మీకెందుకని లేచాను. ఆయన నన్ను ఆపలేదు.

"మూడో ప్రశ్న నువ్వే అడుక్కో, స్టాన్లీ."

చిక్కపేట మెట్రో మెట్ల మీద, మూటలు మోసుకుపోయేవాళ్లు జరగమని కసురుతుంటే, ఆ ప్రశ్న నన్ను నేనే అడిగాను. అబద్ధమే చెప్పాను. ఒక్క ఓబళప్పన్నతో కాదు, సంఘమంతటి ముందూ, ప్రభువు పేరు పెట్టి. సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి వెళ్లేసరికి ప్రేమ అనపకాయలు ఒలుస్తోంది. "ప్రేమా," అన్నాను. అలవాటు కొద్దీ చిన్ని లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది, కబురు అందుకోవడానికి. ఏడేళ్ల పిల్లను ఏ పనిలో పెట్టానో అప్పుడు తెలిసి ఏడుపొచ్చింది.

"నువ్వొద్దు తల్లీ, నేనే చెబుతాను," అని నేల మీద కూర్చున్నాను. "అరవకపోతే చాలనుకున్నాను ప్రేమా. అరుపు కంటే ఎక్కువే బాధపెట్టాను. క్షమించు."

ఆమె పళ్లెం కొంచెం నా వైపు జరిపింది. ఇద్దరం కాయలు ఒలిచాం.

మర్నాడు మళ్లీ లేచాను. పోయిన వారం చెప్పిన సాక్ష్యం నిజం కాదన్నాను. పదకొండు రోజుల సంగతీ, చిన్ని సంగతీ దాచకుండా చెప్పాను. నా కోసం ప్రార్థించమన్నాను. ఇలాంటి సాక్ష్యానికి ఏమనాలో ఎవరికీ తోచలేదు, పాపం. ఓబళప్పన్న తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒకే ఒక్క గొంతు, "ఆమేన్" అంది.

ఆ గొంతు నాకు తెలుసు. మెల్లగా నా చోట కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. చిన్ని అప్పటికే పిల్లలతో ఆటలో పడింది.

"ఏవండీ," అంది ప్రేమ. "క్యాబ్ బుక్ చేశారా?"