బోణీ కాని సంత

సన్యాసమ్మ వంకాయలు మేం వండుకు తిన్నాం. ముందు ఆ మాట చెప్పుకుంటే గాని మిగతాది చెప్పే అర్హత నాకు లేదు.

యాభై నాలుగో సంవత్సరం, కార్తీకమాసం. చోడవరం సంతలో మంచు ఇంకా విడలేదు. బుచ్చయ్యపేట దారిన తొలికోడి కూతకే బయల్దేరిన ఆడవాళ్లు తట్టలు దించుకుని వరసగా కూర్చున్నారు. కూర్చున్నాక అందరికీ కావలసింది ఒక్కటే, బోణీ. మొదటి బేరం మంచి చేతి మీద అవ్వాలి. పసుపూ కుంకుమా ఉన్న ఇల్లాలి చెయ్యి అయితే ఆ రోజు తట్ట ఖాళీ అయినట్టే లెక్క.

సంత పుట్టిన నాటినుంచీ ఇంకో కట్టుబాటు ఉంది. బోణీ కాకుండా ఆశీలు అడగకూడదు. బోణీ అయ్యాక సంత పాడుకున్న ఆసామి మనిషి వచ్చి తట్టకి గుప్పెడు కూర తీసుకుపోతాడు. అదే ఆశీలు.

ఆ ఏడు సంత పాట గణపతిరావుకి దక్కింది. ఆయనకి గుప్పెళ్లు ఆనలేదు. లేత కూరలు ఏరి విశాఖపట్నం హోటళ్లకి పంపడం మొదలుపెట్టాడు. బస్సు ఏడింటికి. బోణీలు అయ్యేదాకా ఆగితే బస్సు ఆగదు. అందుకని ఆయన మనిషి దాసు గోనెసంచి పట్టుకుని తెల్లారగానే తట్టల్లో చేతులు పెట్టేవాడు. గుప్పెళ్లు కాదు, దోసెళ్లు.

అందరూ తలలు వంచుకున్నారు. ఆ రోజు సన్యాసమ్మ మాత్రం దాసు మణికట్టు పట్టుకుంది.

"బోణీ అవనేదు బాబూ. సెయ్యెట్టకు."

"ఎవర్తి కోసం సూస్తన్నావే? ఆ అప్పలనరసమ్మ కోసమేనా?" దాసు పళ్లికిలించాడు. "ముండ సేతి బోణీ కోసం బస్సు ఆపమంటావేటి?"

అప్పలనరసమ్మ మొగుడు పోయిన మనిషి. బెల్లం బళ్లు తోలేవాళ్లకి అన్నం వండిపెట్టి బతుకుతుంది. బళ్లు వచ్చే వేళకి కూర ఉడకాలి. కానీ సంతలో ఆమె అందరి బోణీలూ అయ్యేదాకా దూరంగా నిలబడాలి. ఏడేళ్ల కిందట సన్యాసమ్మే ఆమెని కేకేసింది. "ఇలగ రాయే. ఆకలికి ముందెనకలేటి? నువ్వే బోణీ సెయ్యి" అంది. అప్పటినుంచీ ఆ తట్టకి ఆ చెయ్యే బోణీ.

దాసు చెయ్యి విదిలించుకుని ఒక్క తోపు తోశాడు. సన్యాసమ్మ వెనక్కి పడింది. పక్క తట్ట దగ్గరున్న తూనికరాయి తలకి తగిలింది. వంకాయలు దొర్లిపోయాయి. దాసు కావలసినవి సంచిలో వేసుకుని పోయాడు.

అప్పుడు మేమేం చేశామో తెలుసా? సంచులు పట్టుకుని నిలబడ్డ మేం, కొసరుకి ఒక్క కాయ తక్కువైతే సన్యాసమ్మతో అరగంట పోట్లాడే మేం, వంగి వంకాయలు ఏరుకున్నాం. మా అమ్మ చెంగులో ఆరు కాయలు వేసుకుంది. "తొక్కి పాడుచేస్తారు గదరా" అంది నాతో. నేను కాలేజీలో చదువుకుంటున్నవాణ్ణి. మాట్లాడలేదు.

అర్ధణా గుప్పిట్లో బిగించుకుని అప్పుడే వచ్చిన అప్పలనరసమ్మ ఒక్కత్తే నేల మీద చతికిలబడి సన్యాసమ్మ తలని ఒళ్లోకి తీసుకుంది.

మూడోనాడు సన్యాసమ్మ పోయింది.

ఆ సాయంత్రానికే ఒక మాట బయల్దేరింది. గణపతిరావు అరుగు మీద పుట్టి, కల్లు దుకాణం మీదుగా నడిచి ఊళ్లన్నీ తిరిగింది. తోపు కాదట చంపింది. ఏడేళ్లు ముండ చేత బోణీ చేయించుకుంటే ఏమవుతుంది? అసలు అది బోణీయే కాదు, ఆ చెయ్యే తినేసింది.

సన్యాసమ్మ కూతురు పైడితల్లి ఆ మాట నమ్మింది. పలకరించడానికి వచ్చిన అప్పలనరసమ్మని గుమ్మంలోనే ఆపేసింది.

"మాయమ్మని తినేసినావు. సాలదా? ఎల్లు."

అప్పలనరసమ్మ తెచ్చిన బియ్యం మూట గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయింది.

సంతకి ముందురోజు మధ్యాహ్నం తోటకూర అమ్మే మేరీ ఇంటి వాకిట్లో నలభైమంది ఆడవాళ్లు చేరారు. అర్జీ రాయాలని నన్ను పిలిచారు. కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. చివరిదాకా ఒక్క ముక్క రాయనివ్వలేదు.

"అర్జీ ఎవుడికొలే?" అంది అచ్చియ్యమ్మ. చిక్కుళ్లు అమ్ముతుంది, నలుగురు పిల్లల తల్లి. "పాట ఎట్టినోళ్లకా? ఆళ్లూ ఆ హోటల్లోనే తింతారు. మనకెందుకీ గొడవ? దాసుగాడు తోసేడు, నిజమే. అయినా ఆ సెయ్యి మంచిదైతే ఇలగయ్యేదా?"

మేరీ లేచింది. "ఏడేళ్లు ఆ సేత్తోనే అమ్మింది. ఏడేళ్లూ సావనేదు. పోయిన సంతన అప్పలనరసమ్మ ఇంకా రానేదు, బోణీ అవనేదు. దాసుగాడి సెయ్యి ముందొచ్చింది, మనిసి పోయింది. సెప్పండే, ఏది సెడ్డ సెయ్యి?"

ఒక మూల కూర్చున్న పైడితల్లి మోకాళ్లలో తల దాచుకుంది.

కంచె అవతల నుంచి ఒక గొంతు వినబడింది. అప్పలనరసమ్మ. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు, ఆమె రానూ లేదు.

"నా సెయ్యి సెడ్డదే అనుకోండమ్మా. నా బోణీ బోణీయే కాదని ఆ గణపతిరావు బాబే ఊరంతా సెప్పించేడు గదా. అయితే నాను కొంటే బోణీ అవదు. నాలాటోళ్లం ఊరినిండా ఉన్నాం. ఊళ్లో ఇల్లాళ్ల సంచులన్నీ మాకిప్పించండి. మేమే కొంతాం. సంత అయిపోద్ది. బోణీ మాత్రం అవదు. బోణీ అవందే ఆశీలేటి?"

వాకిలంతా ఘొల్లున నవ్వింది. ఆమె తన గురించి తను ఏమందో అర్థమయ్యాక నవ్వు దానంతటదే ఆగిపోయింది. ఆమె మాత్రం ముందూ నవ్వలేదు, తర్వాతా నవ్వలేదు.

"ఆడు బోణీకి ముందే సెయ్యెడతన్నాడు గదే?" అంది అచ్చియ్యమ్మ.

"ఎడితే అందరం నెగిసి నిలబడాల," అంది మేరీ. "సన్యాసమ్మ ఒక్కర్తీ పట్టుకుంది. అందుకే పడిపోయింది."

మర్నాడు తెల్లారేసరికి తట్టలన్నిటి మీదా తడిగుడ్డలు కప్పి ఉన్నాయి. దాసు సంచితో వచ్చి మొదటి తట్ట దగ్గర వంగాడు. నలభైమంది ఒక్కసారి లేచి నిలబడ్డారు. తిట్టలేదు, అరవలేదు. "బోణీ అవనేదు" అన్నారు. రెండో తట్ట దగ్గరా అదే మాట. ఏడింటి బస్సు హారన్ కొట్టి, కొట్టి, వెళ్లిపోయింది.

తర్వాత వాళ్లు వచ్చారు. ఊళ్లో ఇంతమంది ఉన్నారని మాకు అంతవరకూ తెలియదు. ముసలివాళ్లు, పడుచువాళ్లు, అన్ని వీధుల వాళ్లూ. మావయ్య పోయాక పదకొండేళ్లుగా గడప దాటని మా మేనత్త చేతికి మా అమ్మ తన సంచీ ఇచ్చింది. "వంకాయలు వద్దు వదినా, ఇంకేమైనా తే" అంది. ఆ ఆరు కాయల తర్వాత మా ఇంట్లో వంకాయ వండలేదు.

వాళ్లు ఆవురావురుమని బేరాలాడారు. కొసరు అడిగారు. ఎదురు మాటలన్నారు. సంచీల మీద సంచీలు నిండాయి.

మధ్యాహ్నానికి గణపతిరావు ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"పొద్దున్నుంచీ అమ్ముతున్నారు! ఆశీలు ఎందుకివ్వరు?"

"అమ్ముతన్నాం బాబూ," అంది మేరీ. "బోణీయే అవనేదు. ఆళ్ల సేతి బోణీ బోణీ కాదని తమరే గదా సెలవిచ్చేరు?"

సంతంతా నవ్వింది. ఒక పోలీసు మీసం సవరించుకునే నెపంతో నోరు దాచుకున్నాడు.

అంతటితో ఆగి ఉంటే ఆ రోజు గెలిచి ఇళ్లకి పోయేవాళ్లం. కానీ వరస చివర ఒక తట్ట మీది గుడ్డ ఇంకా తీయలేదు. సన్యాసమ్మ వంగమొక్కల ఆఖరి కాపు అది. పైడితల్లి గుడ్డ తీసింది. లేచి నిలబడి, సొంత అక్కని పిలిచినట్టు అప్పలనరసమ్మని పిలిచింది.

"అప్పా, ఇలగ రా. మాయమ్మ తట్ట. బోణీ సెయ్యి."

అప్పలనరసమ్మ బెదిరిపోయింది. "వద్దమ్మా. నువ్వు బోణీ అన్నావంటే ఆడికి దారి దొరుకుద్ది."

"దొరకనీ. మాయమ్మకి నీదే బోణీ. ఏడేళ్ల మాట నాను అబద్దం సెయ్యనేను."

అప్పలనరసమ్మ గుప్పిట విప్పింది. పోయినవారం ఇవ్వలేకపోయిన అర్ధణా అదే. పైడితల్లి దాన్ని కళ్లకద్దుకుని తట్టలో వేసి, లేత వంకాయ ఒకటి ఏరి ఆమె చేతిలో పెట్టింది.

"విన్నారుగా! బోణీ అయింది!" అని అరిచాడు గణపతిరావు. దాసు చెయ్యి తట్టలోకి దూసుకొచ్చింది. తల్లి పట్టుకున్న చోటే కూతురు పట్టుకుంది. అయితే ఈసారి ఆ మణికట్టు మీద ఉన్నది ఒక్క చెయ్యి కాదు. మేరీ చెయ్యి, అచ్చియ్యమ్మ చెయ్యి, మా మేనత్త చెయ్యి. చేతుల కింద దాసు కనబడలేదు. లాఠీలు లేచాయి. మేరీ నుదురు చిట్లింది. సంతలో అల్లరి చేశారని పైడితల్లినీ, అప్పలనరసమ్మనీ పట్టుకుపోయారు. అప్పలనరసమ్మ చేతిలో వంకాయ అలాగే ఉంది. బేడీ వేసేటప్పుడు కూడా దాన్ని వదల్లేదు.

మళ్లీ సంత నాటికి వాళ్లు విడుదల కాలేదు. ఆ తెల్లవారుజామున మా మేనత్త సంచి పట్టుకుని కట్టుబాటు ప్రకారం దూరాన నిలబడింది. ముందు అచ్చియ్యమ్మ పిలిచింది. తర్వాత వరస పొడుగునా పిలుపులే.

"ఇటు రా అప్పా! నాకు బోణీ నువ్వే!"

"ముందు నాకు! ఇలగ రాయే!"

ఎవరి దగ్గరికి పోవాలో తెలియక మా మేనత్త అక్కడే నిలబడి ఏడ్చింది. చివరికి అచ్చియ్యమ్మ తట్టలో కాసు వేసింది. అచ్చియ్యమ్మ దాన్ని కళ్లకద్దుకుని, వరస మొదట్లో గోనెసంచితో ఆగిపోయిన మనిషి కేసి తిరిగింది. ఆమె వెనక నలభైమంది లేచారు. వాళ్ల వెనక సంచులతో మేం.

"బోణీ అయిపోనాదిరా దాసూ," అంది. "రా. ఎట్టు సెయ్యి."