గెలాక్సీలకు యాక్సిడెంటు బొమ్మ

పెయింటర్ మావయ్య గోడ మీద కుక్కని గీస్తే, వీధికుక్కలు వారం రోజులు దాన్ని చూసి మొరిగాయట. ముప్పై ఏళ్లుగా రోడ్ల పక్కన ప్రమాదాల బోర్డులన్నీ ఆయన చేతివే. ఆయన గీసిన లారీల గుద్దుడు చూసి డ్రైవర్లు బండి అక్కడే వదిలేసి ఇంటికి నడిచిపోయేవారట.

అంతటివాడి బొమ్మకి సున్నం కొడతామంటే ఊరుకుంటాడా?

"ముందు నాకు కొట్టు, తర్వాత గోడకి!" బకెట్టుతో వచ్చినవాడికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. "నెల రోజులు నిచ్చెన మీదే బతికాను. నా కాళ్లకి నేల ఎలా ఉంటుందో గుర్తులేదు!"

సైన్సు హాలు చూసుకునే టెలిస్కోపు మేడం తల పట్టుకుంది. "కోప్పడకండి మావయ్యా. రేపు పొద్దున పిల్లలొస్తారు. వాళ్లకి తప్పు బొమ్మ చూపించలేను."

"తప్పా? రెండు గెలాక్సీలు ఢీకొన్నట్టు వేయమన్నారు. వేశాను!"

వేశాడు మరి. రెండు నక్షత్రాల గుంపులు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. మధ్యలో పొగ, మంట, నేలంతా రాలిన అద్దం పెంకులు. వెనక నల్లగా వంకర తిరిగిన టైరు చారలు.

"గెలాక్సీలు గుద్దుకున్నా నక్షత్రాలు గుద్దుకోవండీ. ఒకదానికొకటి అంత దూరం. పక్కనుంచి వెళ్లిపోతాయి."

"ఆహా! ఎదురెదురుగా వచ్చిన లారీలు 'బాగున్నావా బావా' అనుకుంటూ ఒకదాన్లోంచి ఒకటి దూరిపోతాయా?"

"మధ్యలో ఉన్న గ్యాసు మాత్రం గుద్దుకుంటుంది. నలిగి, ముద్దకట్టి, అందులోంచే కొత్త నక్షత్రాలు పుడతాయి. ఒక్కోసారి మామూలు కంటే పది రెట్లు."

మేడం బల్ల సొరుగులోంచి నిజం గెలాక్సీల ఫోటో తీసి చూపించింది. రెండు గుంపులు కలిసిన చోట నీలంగా, తెల్లగా, చల్లినట్టు చుక్కలు. మావయ్య చాలాసేపు చూశాడు. చల్లారతాడనుకుంటే ఇంకా మండిపడ్డాడు.

"ఇది నెల కిందట చూపించడానికి చేతులు రాలేదా? 'ఢీ' అని ఒక్క ముక్క రాసి పంపుతారా! పుట్టుకలు జరిగే చోట నాచేత చావులు గీయిస్తారా!"

తప్పు తనదేనని మేడంకి అప్పుడు తెలిసింది. గోడ వైపు తిరిగి, వెనకున్న చారల్ని చూసి మాత్రం ఆశ్చర్యపోయింది. "నిజంగా గుద్దుకున్నప్పుడు గెలాక్సీలకి ఇలాంటి తోకలే సాగుతాయి! ఇవి సరిగ్గా ఎలా వేశారు?"

"బ్రేకు వేయకుండా ఎవడు గుద్దుతాడమ్మా!"

సున్నం మనిషిని బయటికి తరిమి మావయ్య నిచ్చెనెక్కాడు. మంటని గులాబీ మబ్బు చేశాడు. ఒక్కో అద్దం పెంకునీ నీలంతో గుండ్రంగా దిద్దుతూ నక్షత్రం చేశాడు. దిద్దినంతసేపూ తిట్టాడు. ప్రతి నక్షత్రం ఒక తిట్టు తినే పుట్టింది.

పొద్దు వాలేసరికి గోడంతా పసిచుక్కలే. మేడం కింద నిలబడి, కళ్లార్పకుండా, "ఎంత బాగుందో!" అంది.

"బాగుండక చస్తుందా?" పైనుంచి ఉరిమాడు మావయ్య. "ఇంకోసారి పురిటింటికి యాక్సిడెంటు బొమ్మల వాణ్ణి పిలిచేటప్పుడు, పురుడని చెప్పి పిలవండి!"