చక్రాల మీద కరువు యాత్ర

2003 ఎండాకాలం. అనంతపురం జిల్లాలో బోర్లు ఎండిపోయాయి, ఇళ్ళల్లో వేరుశనగ విత్తనం కూడా మిగల్లేదు, మేత లేని ఎద్దుల్ని జనం కబేళా లారీలకు తోలేశారు. సరిగ్గా అప్పుడే విష్ణువర్ధన్‌కు రైతుల మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు పన్నెండేళ్ళు అతను బెంగుళూరులో లేఔట్లు వేసి ప్లాట్లు అమ్ముకున్నాడు. తాత ఎర్రన్న వదిలిపోయిన చేలు ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా అతనికి సరిగ్గా తెలియదు. వచ్చే ఏడు ఎన్నికలు. టికెట్ కావాలంటే ముందు జనంలో తిరగాలని ఎవరో చెప్పారు. తిరగడమంటే నడవడమని మాత్రం అతను అనుకోలేదు.

పది రోజుల కరువు యాత్ర కోసం దుబాయి నుంచి వచ్చిన పెద్ద జీపు ఒకటి కొన్నాడు. డీజిల్ బండి, నాలుగు చక్రాలూ లాగుతాయి, గేర్లు వాటంతటవే మారతాయి. దాని వెనక తగిలించడానికి, సినిమా షూటింగులకు బాడుగకిచ్చేవాళ్ళ దగ్గర ఒక కారవాన్ తెచ్చాడు. రెండున్నర టన్నుల రేకు ఇల్లు. లోపల ఏసీ, సోఫా, మంచం, చుట్టూ బల్బులున్న అద్దం, స్నానాల గది. బిందెడు నీళ్ళకు ఆడవాళ్ళు మూడు మైళ్ళు నడిచే ఊళ్ళ గుండా ఆ స్నానాల గదిని ఊరేగించడం అతనికే కాదు, చుట్టూ ఉన్న పదిమందికీ గొప్ప ఆలోచనగానే తోచింది.

దాన్ని బెంగుళూరు నుంచి తోలుకొచ్చిన డ్రైవరు బత్తలపల్లె చేరగానే తాళాలు బానెట్ మీద పెట్టి, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు. దాంతో విష్ణువర్ధన్ మనుషులు సుంకప్పను పిలిపించారు.

సుంకప్పకు యాభై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళు లారీ తోలాడు, ఆ తర్వాత బోర్లు వేసే రిగ్గు బండి తోలాడు. వర్షాల్లేక బోర్లు వేయించేవాళ్ళు కూడా చేతులెత్తేయడంతో ఆర్నెల్లుగా ఇంట్లోనే ఉన్నాడు. విష్ణువర్ధన్‌ను ముసలివాళ్ళు కూడా ‘అన్నా’ అనేవాళ్ళు. సుంకప్ప ‘సార్’ అన్నాడు. ఆ తేడా విష్ణువర్ధన్‌కు తెలియలేదు.

సుంకప్ప బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. కారవాన్ ముందుభాగాన్ని జీపు కొక్కెం నుంచి విడిపించి, రెండు చేతులతో పట్టి ఎత్తాడు. అది తేలిగ్గా పైకి లేచింది. అతని మొహం మాడిపోయింది. తలుపు తీసి లోపలికి చూశాడు. నీళ్ళ ట్యాంకు వెనక. జనరేటరు వెనక. ఊళ్ళల్లో గంజి కాయడానికి తెచ్చిన రాగిపిండి బస్తాలు, పెద్ద గుండిగలు, గ్యాసు పొయ్యి, అన్నీ వెనకే.

“సార్, బరువంతా తోకలో ఉండాది. ఇట్ల పోతే దిగుడులో ఇది అటూ ఇటూ ఊగుతాది. ఊగేది మొదలైతే ముందు బండిని కూడా ఈడ్చకపోతాది. బరువు ముందుకు జరపల్ల. ఇంగోటి, దీని బ్రేకుల వైరు తెగిపోయిండాది. జీపు బ్రేకు తొక్కితే జీపు నిలబడతాది గానీ ఇది నిలబడదు. ఒక దినం టైమియ్యండి, అన్నీ సరిచేస్తా.”

విష్ణువర్ధన్ నవ్వాడు. పక్కనున్న నారాయణప్ప అంతకంటే గట్టిగా నవ్వాడు. నారాయణప్ప ఉద్యోగం అదే.

“ఇది నీ రిగ్గు లారీ కాదప్పా. ఆటోమేటిక్. నువ్వు ఊరికే స్టీరింగ్ పట్టుకో సాలు, తక్కింది అదే సూసుకుంటాది” అన్నాడు విష్ణువర్ధన్.

“గేర్లు అదే మార్చుకుంటాది సార్. దిగుడు యాడుండాదో దానికేం తెలుసు?”

దినం టైమివ్వలేదు. గంజి వండటానికి కుదుర్చుకున్న తిరుపాలమ్మ సాయంతో సుంకప్ప తెల్లవారకముందే బస్తాలు, గుండిగలు ముందుకు జరిపాడు. ట్యాంకులో నీళ్ళు సగానికి వదిలేద్దామంటే నారాయణప్ప ఒప్పుకోలేదు. అన్న రోజుకు రెండుసార్లు స్నానం చేస్తాడట. బ్రేకుల వైరు అలాగే ఉండిపోయింది.

మొదటి రెండు రోజులు సుంకప్ప ఆ బండిని గాజు సామాను మోసినట్టు నడిపాడు. ఎక్కుడు వస్తే గేరు తనంతట తాను మారకుండా లివరు కిందికి లాగి పట్టేవాడు. ఎక్కి పైకి చేరాక ఇంజను ఆపకుండా చెట్టు నీడలో పావుగంట నిలబెట్టి, గేరుపెట్టె నూనెను చల్లారనిచ్చేవాడు. దిగుడు మొదలయ్యే ముందే నెమ్మదించి, చిన్న గేరులో దింపేవాడు. ముప్పై దాటనిచ్చేవాడు కాదు. వెనక సీటులో కూర్చున్న విష్ణువర్ధన్ గడియారం చూసుకుంటూ సణిగేవాడు. ఊరి పొలిమేరలో దిగి, కండువా సర్దుకుని, రచ్చబండ దాకా నడిచి, చెమట తుడుచుకుంటూ ఫొటో దిగి, మళ్ళీ ఎక్కేవాడు. ఆ రెండు ఫర్లాంగులే కరువు యాత్ర.

ఊళ్ళల్లో జనం గంజి కోసం వచ్చేవాళ్ళు. కొందరు కారవాన్ కింద కారే నీళ్ళ దగ్గర నిలబడేవాళ్ళు. ఒక ఊరిలో స్నానాల గది నుంచి కారుతున్న సబ్బు నీళ్ళకు ఒక ముసలామె బిందె పెట్టింది. “ఎనుములకైనా పనికొస్తాయి నాయనా” అంది. నారాయణప్ప ఆమెను పక్కకు నెట్టాడు, ఫొటోలో పడుతుందని.

మూడోరోజు నల్లమాడ వైపు పోవాలి. ఆ పొద్దున టీవీవాళ్ళు వచ్చారు. ఒక విలేకరి, ఒక కెమెరా మనిషి. నాయకుడు తానే బండి నడుపుకుంటూ పల్లెలకు పోతున్నట్టు తీస్తే బాగుంటుందని విలేకరి సలహా ఇచ్చాడు. విష్ణువర్ధన్ వెంటనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కెమెరా మనిషి పక్క సీటులో. విలేకరి, నారాయణప్ప, సుంకప్ప వెనక. తిరుపాలమ్మకు చోటు లేదు.

“ఆయమ్మ కారవాన్‌లో కూచుంటాది, ఏసీ కూడా ఉండాది” అన్నాడు నారాయణప్ప, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

“పోతాండే బండి వెనక మనిషిని ఎక్కించగూడదు” అన్నాడు సుంకప్ప. “సార్, ఆయమ్మను ఆటోలో పంపండి.”

“నువ్వు డ్రైవరువా, ఆర్టీవోవా?” అన్నాడు విష్ణువర్ధన్.

తిరుపాలమ్మ సుంకప్ప వైపు చూసి, “ఏం కాదులే అన్నా, గిన్నెలు పట్టుకోని కూచుంటా” అని కారవాన్ ఎక్కింది. అలా ఎక్కనిచ్చినందుకు సుంకప్ప తర్వాత తనను తాను చాలాసార్లు తిట్టుకున్నాడు.

గుట్టల మధ్య ఎక్కుడులో విష్ణువర్ధన్ కాలు యాక్సిలరేటర్ మీంచి తీయలేదు. గేరు పెద్దదానికి మారడం, లాగలేక చిన్నదానికి దిగడం, మళ్ళీ మారడం. నూనె మాడిన వాసన వచ్చింది. ముందు పలకలో ఎర్ర దీపం వెలిగింది.

“సార్, నిలపండి. గేరుపెట్టె కాలిపోతాంది.”

“ఏమప్పా, కెమెరా నడుస్తాంది, నోరు మూసుకో” అన్నాడు నారాయణప్ప.

విష్ణువర్ధన్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చెయ్యి కిటికీలోంచి బయటికి చూపిస్తూ రైతుల కన్నీళ్ళ గురించి మాట్లాడుతున్నాడు. గుట్ట పైకి చేరారు. దిగుడు మొదలైంది. అతను లివరు ముట్టుకోలేదు, నెమ్మదించలేదు. నలభై, యాభై, అరవై. మొదట కారవాన్ తోక కొంచెం కదిలింది. జీపు వెనక ఎవరో తట్టినట్టయింది. తర్వాత ఇంకోవైపు తట్టింది. సుంకప్ప ముందు సీటు పట్టుకుని అరిచాడు.

“సార్, బ్రేకు తొక్కద్దు! స్టీరింగ్ నేరుగా పట్టుకో! కాలు తియ్ సామీ, కాలు తియ్!”

విష్ణువర్ధన్ బ్రేకు తొక్కాడు. ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. కారవాన్ ఆగలేదు. ఒక ఊపు ఇటు, అంతకు రెట్టింపు ఊపు అటు. రైతుల కన్నీళ్ళ గురించి చెబుతున్న నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. రెండు చేతులూ స్టీరింగ్ వదిలేసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సుంకప్ప వెనక సీటులోంచి ముందుకు దూకి, అతని భుజం మీదుగా స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో లివరు కిందికి లాగాడు. జీపు మూలిగి నెమ్మదించింది. లోయ వైపు పోకుండా కుడివైపు మట్టిలోకి దిగింది. కానీ కొక్కెం విరిగింది. కారవాన్ ఒక్కటే అడ్డం తిరిగి, రోడ్డు దిగి, ఎండిన చేనులో పక్కకు పడిపోయింది.

జీపు ఆగీ ఆగకముందే సుంకప్ప దూకి పరుగెత్తాడు. తలుపు ఆకాశం వైపు ఉంది. పైకెక్కి లాగి తెరిచాడు. లోపల రాగిపిండి పొగలా నిండిపోయింది. తిరుపాలమ్మ గుండిగల మధ్య ఇరుక్కుని ఉంది. కుడి చెయ్యి మోచేతి కింద వంకర తిరిగింది.

“అన్నా, పొయ్యి ఆపినానా సూడు, గ్యాసు వాసన వస్తాంది” అంది.

సుంకప్ప గ్యాసు మూసి, ఆమెను ఎత్తి బయటికి తెచ్చి, తువ్వాలుతో చెయ్యి కట్టాడు. అటు విష్ణువర్ధన్ చెప్పులకంటిన మట్టి దులుపుకుంటున్నాడు. కెమెరా మళ్ళీ మొదలయ్యాక అతని గొంతు కూడా తిరిగి వచ్చింది. “ఇది నా ప్రత్యర్థుల కుట్ర. ఈ యాత్ర ఆగదు” అన్నాడు. విలేకరి తల ఊపాడు. తిరుపాలమ్మ నలభై అడుగుల దూరంలో గట్టు మీద కూర్చుని ఉంది. కెమెరా అటు తిరగలేదు.

పక్క ఊరి నుంచి ఆంజి అనే రైతు పాత ట్రాక్టరు తెచ్చాడు. ట్రాలీలో గడ్డి పరిచి, తిరుపాలమ్మను పడుకోబెట్టి కదిరి ఆసుపత్రికి చేర్చాడు.

మర్నాడు పొద్దున, సుంకప్ప ఆమె మంచం దగ్గరే ఉండగా, నారాయణప్ప ఆసుపత్రికి వచ్చాడు. ఒక చేతిలో ద్రాక్షపండ్లు, ఇంకో చేతిలో టైపు చేసిన కాయితం. ప్రమాద సమయంలో బండి నడుపుతున్నది సుంకప్ప అని, కారవాన్ ఖాళీగా ఉందని అందులో రాసి ఉంది.

“సంతకం పెట్టు సుంకప్పా. అన్న నిన్ను మర్చిపోడు. రేపు గెలిచినాక నీకు గవర్నమెంటు డ్రైవరు పని.”

సుంకప్ప కాయితం చదివి, మంచం మీదున్న తిరుపాలమ్మకు కూడా చదివి వినిపించాడు. ఆమెకు చదువు రాదు. కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని వింది.

“కారవాన్ ఖాళీగా ఉండెనంటే, నేను యాడ ఉన్నట్ల?”

“నీ పేరు దీంట్లో లేదులేమ్మా, నీకేం తంటా లేదు” అన్నాడు నారాయణప్ప.

“అయితే ఈ చెయ్యి యాడ ఇరిగిందంట? నిద్దరలో ఇరిగిందా?”

నారాయణప్పకు ఈసారి నవ్వు రాలేదు. సుంకప్ప కాయితం మడిచి ద్రాక్షపండ్ల సంచిలో పెట్టి అతని చేతికిచ్చాడు.

“ఇరవై ఎనిమిదేండ్లు బండి తోలినా. ఒక మేకపిల్లను కూడా గుద్దలేదు. మీ అన్న మూడు మైళ్ళు తోలినాడు. ఆ మూడు మైళ్ళు నావని రాసుకోమంటావా? పో.”

అదే రోజు అతను స్టేషనుకు వెళ్ళి, ఎవరు నడిపారో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో తన చేత్తో రాసిచ్చాడు. బెదిరింపులు వచ్చాయి. రిగ్గు యజమాని చేత కూడా చెప్పించారు. సుంకప్ప మాట మార్చుకోలేదు. తిరుపాలమ్మ ఊరివాళ్ళు ఆమెతో ‘పెద్దోళ్ళతో ఎందుకు’ అన్నారు. “పెద్దోడైతే బండి సరిగ్గా తోలుండల్ల” అంది ఆమె.

టికెట్ విష్ణువర్ధన్‌కు రాలేదు. ప్రమాదం వల్ల కాదు. అంతకంటే పెద్ద కారవాన్ ఉన్నవాడు దొరికాడు.

కేసు రెండేళ్ళు సాగింది. చివరికి కోర్టు విష్ణువర్ధన్‌కు జరిమానా వేసింది. అతనికది ఒక పూట భోజనం ఖర్చు. కట్టేసి, నల్లద్దాలు పెట్టుకుని, కొత్త జీపులో వెళ్ళిపోయాడు. ఈసారి వెనక సీటులో కూర్చున్నాడు.

తిరుపాలమ్మ చెయ్యి కొంచెం వంకరగానే అతుక్కుంది. గరిటె తిప్పగలదు గానీ నిండు గుండిగ దించలేదు. ఆమె కోర్టు నుంచి వెంటనే కదల్లేదు. తీర్పులో తన పేరు ఉందో లేదో చూడమని గుమస్తాను అడిగింది. అతను విసుక్కుంటూనే వెతికి చదివాడు. “బత్తలపల్లె వాస్తవ్యురాలు తిరుపాలమ్మ, వంటమనిషి, ప్రమాద సమయంలో కారవాన్‌లో ఉండినది.”

“ఇంగోసారి సదువు సామీ” అంది.

గుమస్తా మళ్ళీ చదివాడు. సుంకప్ప గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. తర్వాత ఇద్దరూ బత్తలపల్లె బస్సు కోసం రోడ్డు మీదికి నడిచారు.